ఈశాన్యం మూల బాత్రూం

చాలా ఏళ్లు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లకు రీజనింగ్ చెప్పాను. ఇచ్చిన రెండు మాటలను బట్టి మూడో మాట నిజమవుతుందో కాదో తేల్చే విద్య అది. కాకులన్నీ నల్లనివి, నల్లనివన్నీ బరువైనవి, కాబట్టి కాకులు ఎలాంటివి అని బోర్డు మీద రాసి, కిక్కిరిసిన తరగతి వైపు తిరిగి, ఎవరి బుర్ర ఎంత పనిచేస్తుందో చూసి జాలిపడేవాణ్ణి. నా బుర్ర ఎలా పనిచేస్తుందో చూసే అవకాశం ఆ పిల్లలకు రాలేదు. అది మా ఇంటి ఓనరుకు వచ్చింది.

అప్పట్లో మేం మన్సూరాబాద్‌లో ఒక పాత ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. ముందు భాగంలో ఓనరు పెద్దాయన, ఆయన భార్య ఉండేవారు. పెద్దాయన ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. ఒకప్పుడు ఆయనకు ద్రాక్షతోట ఉండేదట. కాలనీలు వచ్చేకొద్దీ తోట ప్లాట్లయింది, ప్లాట్లు ఆడపిల్లల పెళ్లిళ్లకు పోయాయి, చివరికి ఆరువందల గజాల్లో ఈ ఇల్లొక్కటే మిగిలింది. ఏటా అద్దె పెంచాల్సిన నెల వచ్చేది. ఆయన అడగడానికి మొహమాటపడేవారు, నేను గుర్తుచేయడానికి మొహమాటపడేవాణ్ణి. ఇద్దరి మొహమాటాల్లో నాదే ఎక్కువ లాభసాటిగా ఉండేది.

మాది కృష్ణా జిల్లా. ఆయన నన్ను సార్ అనేవారు, నేను ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి. మేం దిగిన మొదటిరోజు నా భార్య ఓనరు భార్యను ఆంటీ అనబోతే, ఆంటీ గీంటీ ఏంది, పెద్దమ్మా అను బిడ్డా అని ఆవిడే దిద్దింది. అలా పన్నెండేళ్లు గడిచాయి. మా అమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టి, వాళ్ల మంచం మీదే పాకింది.

ఒక ఆదివారం పొద్దున పెద్దాయన నన్ను వరండాలోకి పిలిచి కూర్చోబెట్టారు. ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నానని చెప్పారు. స్థలం ఆయనది, కట్టేది బిల్డరు, లేచిన ఫ్లాట్లు చెరిసగం. ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి మూడో ఇంటి కథా అదే. ఖాళీ చేయమంటారు కాబోలనుకున్నాను. ఆయన అది కనిపెట్టారు.

"పరేషాన్ గాకుండ్రి సార్. నా వంతుకొచ్చే వాటిల ఒకటి మీరే కొనుక్కోండ్రి. ఇప్పుడున్న రేటే, బిల్డింగు లేచినంక పెంచేది లేదు. అడ్వాన్సు గిడ్వాన్సు వద్దు, నోటిమాట చాలు."

నేను సరేనన్నాను. పెద్దమ్మ లోపల్నుంచి లడ్డూలు తెచ్చింది. నా భార్య ఏడ్చినంత పనిచేసింది. పన్నెండేళ్లుగా ఆవిడ మనసులో ఒక సొంత వంటిల్లు ఉంది. అందులో పోపులపెట్టె ఎక్కడుండాలో, గ్రైండర్ ఎక్కడుండాలో కూడా తేలిపోయి ఉంది. ఇక దాన్ని దించడానికి గోడలే కావాలి. ఆ రాత్రి నేను గొప్ప సంసారినని నాకు గట్టి నమ్మకం కలిగింది. అది ఓ రెండు నెలలు నిలిచింది.

డిసెంబరులో ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చింది. వీధంతా టపాకాయలు కాల్చారు. పెద్దాయన మాకూ మిఠాయి పంపారు. అది నా గొంతు దిగకముందే తెనాలి నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. టీవీ చూస్తున్నావా బావా అన్నది అతని మొదటి మాట. ఆ తర్వాత ప్రకటన వెనక్కి పోయింది, ఉద్యమం ముందుకొచ్చింది, బంద్‌లు, రాస్తారోకోలు మొదలయ్యాయి, ప్రతి పూటా వార్తల తర్వాత అతని ఫోను మోగేది. హైదరాబాద్‌లో ఏం జరుగుతోందో అతనికి తెలిసినంత మాకు తెలిసేది కాదు. మేం ఇక్కడ ఉండేవాళ్లం, అతను టీవీ ముందు ఉండేవాడు. మనవాళ్లను మూటాముల్లే సర్దుకోమంటారని, అక్కడ కొన్న ఫ్లాటు మట్టి ధరకు కూడా పోదని, తెలివైనవాళ్లు అందరూ ఇటు వైపు స్థలాలు కొంటున్నారని చెప్పేవాడు. అందరికీ తెలివి నేర్పేవాణ్ణి కదా, ఆ తెలివైనవాళ్లలో నేను లేకపోతే ఎలా అనిపించింది.

నిజం చెప్పాలంటే నన్ను ఎవరూ ఏమీ అనలేదు. బంద్ రోజున పిల్లలు కోచింగ్ సెంటర్‌కు వచ్చి, సార్, ఇయ్యాల క్లాసులు బంద్, చాయ్ తాగి పోండ్రి అని మర్యాదగా చెప్పేవాళ్లు. వాళ్లలో సగం మంది నా శిష్యులే. ఒకసారి చైతన్యపురి దగ్గర రోడ్డు మూసేస్తే, నన్ను సందుల్లోంచి నడిపించి ఇంటిదాకా దింపారు కూడా. దారి పొడవునా నంబర్ సిరీస్‌లో సందేహాలు అడిగారు. నేను జవాబులు చెబుతూ, నన్ను ఎటు తీసుకుపోతున్నారా అని బిత్తరచూపులు చూస్తూ నడిచాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో మా ఊరి రైసుమిల్లు క్యాలెండరు ఒకటి ఉంటే దాన్ని తీసి బీరువా వెనక పెట్టాను. ఆటో ఎక్కి, "ఎల్బీనగర్ పోతవా అన్నా, జర జల్ది పోనీ" అన్నాను. డ్రైవరు వెనక్కి తిరిగి నన్ను కాసేపు చూసి, "తమరిది కృష్ణా జిల్లా కదండీ, మాది నూజివీడండీ" అన్నాడు. దిగేదాకా ఇద్దరం మామిడికాయల గురించి మాట్లాడుకున్నాం.

ఆ ఫ్లాటు వద్దని నాలో నేను తేల్చేసుకున్నాను. చిక్కల్లా దాన్ని పెద్దాయనకు చెప్పడంలోనే ఉంది. మీ రాష్ట్రం మీకు వస్తే మా గతేంటని భయంగా ఉంది అని ఆయన ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. ఇంట్లో భార్యకు చెప్పే ధైర్యం అసలే లేదు. కక్కలేక మింగలేక కొన్నాళ్లు తిరిగాను. చివరికి మన తెలుగువాళ్లందరికీ తెలిసిన దొడ్డిదారి ఒకటి దొరికింది.

ఏ బేరం నుంచైనా మర్యాదగా తప్పుకోవాలంటే వాస్తును మించింది లేదు. ధర ఎక్కువంటే తగ్గిస్తారు. డబ్బు సరిపోదంటే లోన్ ఇప్పిస్తారు. ఆఫీసుకు దూరమంటే బస్సు నంబరు చెబుతారు. వాస్తు కుదరలేదంటే మాత్రం ఎదుటివాడు అయ్యో అని తలూపి వదిలేస్తాడు. ఎవరి పరువూ పోదు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చకపోతే జాతకాలు కలవలేదని చెప్పి పంపినట్టే ఇదీను. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. క్లాసులో తప్పుడు తర్కానికి ఉదాహరణ ఇవ్వాల్సి వస్తే నేను మొదట ఎత్తుకునేది వాస్తునే. పెద్దాయనకు మాత్రం ప్రాణం. మా గేటు ఆ పన్నెండేళ్లలో మూడు దిక్కులు తిరిగింది. అలాంటి మనిషి వాస్తు మాట కాదనడని నా లెక్క.

ఆయన ఫ్లాట్ల ప్లాను తెచ్చి మంచం మీద పరిచినప్పుడు, నేను కళ్లజోడు సర్దుకుని, చాలా బాధపడుతున్నవాడిలా, వంటిల్లు ఆగ్నేయంలో లేదే అంకుల్ అన్నాను. ఆయన ప్లాను మీదికి వంగారు. ముఖం గంభీరంగా అయిపోయింది. నిజమే సార్, మంచిగ చూసిన్రు అని నన్ను మెచ్చుకున్నారు. రెండు రోజుల తర్వాత కొత్త ప్లానుతో వచ్చారు. వంటిల్లు ఆగ్నేయంలోకి వెళ్లిపోయింది. ఎంత తేలికో చూడండి, గీత చెరిపి గీత గీశారు. ఇంకా గోడలు లేవని నాకు తట్టనే లేదు.

ఇల్లు కూలగొట్టేటప్పుడు అందరం కొత్తపేటకు మారాం. ఒకే మేడ మీద రెండు పోర్షన్లు, ఒకటి మాకు, ఒకటి వాళ్లకు. పండ్ల మార్కెట్ అప్పుడు ఇంకా అక్కడే ఉండేది, బాటసింగారం పోలేదు. వేసవంతా మామిడిపండ్ల వాసన, లారీల హారన్లు. పెద్దాయన పుట్టి బుద్ధెరిగాక కిరాయికి ఉండటం అదే మొదలు. మోటారు వేయమని ఓనరును ఎట్ల అడగాలె, చుట్టం వచ్చి వారం ఉంటే చెప్పాల్నా అని నన్ను సంప్రదించేవారు. నేను సలహాలిచ్చేవాణ్ణి. నేను నిజంగా నిష్ణాతుణ్ణని చెప్పుకోదగ్గ శాస్త్రం అదొక్కటే. సాయంత్రం ఇద్దరం మెట్ల మీద కూర్చుని ఓనరును తిట్టుకుంటుంటే, ఈయనతో ఇంత చనువుండీ ఒక్క నిజం చెప్పలేనా అనిపించేది. అంతలో తెనాలి ఫోను వచ్చేది.

స్లాబులు లేచాక రెండోసారి ప్రయత్నించాను. బిల్డింగుకు ఎదురుగా ఒక సందు నేరుగా వచ్చి ఆగుతుంది. వీధిపోటు ఉంది అంకుల్ అన్నాను. దీనికి మందు లేదని నా ధీమా, ఎందుకంటే మున్సిపాలిటీ రోడ్డును ఆయన జరపలేరు. ఆయన రోడ్డు జోలికి పోలేదు. ప్రహరీ గోడలో సరిగ్గా సందుకు ఎదురుగా గూడు కట్టించి, వినాయకుణ్ణి ప్రతిష్ఠించారు. దోషం కనిపెట్టినవాణ్ణి కాబట్టి కొబ్బరికాయ నా చేతే కొట్టించారు. కుళ్లిన కాయ వస్తే బాగుండు, దాన్ని పట్టుకుని ఏదో ఒకటి అనొచ్చు అని ఆ దేవుడి ముందే కోరుకున్నాను. కాయ పగలగానే లోపల పువ్వు కనిపించింది. పంతులు అక్కడున్న అందరికీ చూపించాడు. పెద్దమ్మ నా భార్యను వాటేసుకుంది.

ఇక మిగిలింది బాత్రూం. మాకనుకున్న ఫ్లాట్‌లో బాత్రూం ఈశాన్యం మూల వచ్చింది. వాస్తు నమ్మేవాళ్లకు ఇంతకు మించిన పాపం లేదు. దేవుడుండాల్సిన మూల అది. ప్లాను చూసిన రోజే నేను దీన్ని గమనించాను. బ్రహ్మాస్త్రం ముందే వేయకూడదని దాచుకున్నాను. గోడలు లేచి, పైపులు దిగాక, ఇప్పుడే కంటపడ్డట్టు ముఖం పెట్టి చెప్పాను. పెద్దాయన ప్లాను మళ్లీ తెచ్చి చూసుకున్నారు. అంతకు ముందు తనకు ఎందుకు కనిపించలేదని తనను తానే తిట్టుకున్నారు.

బిల్డరు భీమవరం వైపు మనిషి. పైన అయిదో అంతస్తు నుంచి కిందిదాకా ఒకటే పైపు లైను, జరపడం కుదరదని తేల్చి చెప్పాడు. తర్వాత నన్ను ఇసక కుప్ప పక్కకు పిలిచి, "సార్, మీకు ఫ్లాటు కావాలా, వద్దా? ఆ ఒక్కటీ చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. పెద్దమనిషిని పట్టుకుని ఇలా అడుగుతాడా అనుకున్నాను. మొత్తం వ్యవహారంలో రీజనింగ్ వచ్చినవాడు అతనొక్కడే అని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇంటికొచ్చి నా భార్యకు వార్త చెప్పాను. బాత్రూం కుదరడం లేదు, మన ప్రాప్తం ఇంతే అని నిట్టూర్చాను కూడా. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే, మీరు క్లాసులో వాస్తు మీద జోకులు వేస్తారట కదా అంది. ఎవరు చెప్పారన్నాను. అంత బాగా వేస్తారట, అందరూ చెప్పారు అంది.

వారం తర్వాత పెద్దాయన నవ్వుతూ మా పోర్షన్‌లోకి వచ్చారు. "అయిపోయింది సార్. మీరు ముందటి ఫ్లాట్ తీస్కోండ్రి. అండ్ల ఏ దోషం లేదు, ఈశాన్యంల మంచిగ పూజ గది వస్తది" అన్నారు. మరి వెనక ఫ్లాట్ ఎవరు తీసుకుంటారని అడిగాను. అది చూసుకుంటం తియ్యండ్రి అన్నారు. ఆయన వంతుకు ఆ అంతస్తులో వచ్చినవి రెండే ఫ్లాట్లు. ఒకటి మాది, ఒకటి వాళ్లది. రెండులోంచి ఒకటి తీస్తే ఎంతో మూడో తరగతి పిల్లలు కూడా చెబుతారు. ఆ బాత్రూం ఎవరో ముక్కూముఖం తెలియని కొనుగోలుదారు నెత్తిన పడుతుందనుకున్నాను. అసలు ఆలోచించానా అని అడిగితే, ఆలోచించలేదు. నాకు సాకులు అయిపోయాయన్న దిగులే సరిపోయింది.

సకల జనుల సమ్మె రోజుల్లో బళ్లు మూశారు, బస్సులు ఆగాయి, మా కోచింగ్ సెంటర్ కూడా మూతపడింది. ఒకరోజు మధ్యాహ్నం నిద్రలేచేసరికి ఇంట్లో భార్య లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు ఉంది, అమ్మ పెద్దమ్మతో వెళ్లిందని మా అమ్మాయి చెప్పింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ తినే నిరసన అది. ఉద్యమం మధ్యలో నా భార్య ఒంటరిగా, అదీ నోరు తెరిస్తే ఏ జిల్లానో తెలిసిపోయే యాసతో. టీవీలో రాబోయే వార్త కూడా నా కళ్లకు కనిపించింది. పరుగులాంటి నడకతో వెళ్లాను.

చౌరస్తాలో నా భార్య కొంగు బిగించి, గంగాళంలో పులిహోర కలుపుతోంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. ఇంగువ ఇంకా పడాలని ఆవిడ, వద్దని వాళ్లు. గట్టిగానే వాదించుకుంటున్నారు. ఇంగువ గెలిచింది. పక్కన డప్పులు, నినాదాలు, ప్రసంగాలు. నన్నెవరూ చూడలేదు. చూసినవాళ్లు జరిగి చోటిచ్చారు. మెడలో కండువాతో పెద్దాయన వచ్చి, నా చేతిలో విస్తరాకు పెట్టి, దాని నిండా పులిహోర వడ్డించారు. నన్ను రోడ్డు డివైడరు మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"సార్, మనసుల ఇంకేమన్న ఉన్నదా? ఉంటె ఇప్పుడే చెప్పుండ్రి. రంగులేసినంక చెప్తె కష్టమైతది" అన్నారు.

అంత మంచి అవకాశం నాకు మళ్లీ రాలేదు. ఆయన అడిగారు, నేను చెప్పాలి. నోటినిండా పులిహోర పెట్టుకుని, ఏమీ లేదంకుల్, అంతా బాగుంది అన్నాను. అవతల గంగాళం దగ్గర నా భార్య, వచ్చే నెల రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం పెద్దమ్మా అని చెప్పేస్తోంది. అలా నేను ఫ్లాటు కొన్నాను. ధైర్యం చేసి కొన్నవాళ్లు ఉంటారు, ఆశపడి కొన్నవాళ్లు ఉంటారు. వద్దని చెప్పడం చేతకాక కొన్నవాణ్ణి మన్సూరాబాద్ మొత్తం మీద నేనొక్కణ్ణే అయివుంటాను.

గృహప్రవేశాలు రెండూ ఒకే రోజు పెట్టుకున్నాం. మా ఇంట్లో పాలు పొంగించి, ఎదురు ఫ్లాట్‌లోకి వాళ్ల పాలు పొంగడం చూద్దామని వెళ్లాను. హాలు దాటి లోపలికి నడిచానో లేదో, ఈశాన్యం మూల మూసి ఉన్న తలుపు కనిపించింది. ఆ తలుపు నాకు బాగా తెలుసు. ఇటుకలుగా ఉన్నప్పుడు దాని ముందు నిలబడి నిట్టూర్చినవాణ్ణి నేనే. పెద్దాయన తలుపుకు అడ్డంగా ఒక పెద్ద కుర్చీ వేసి కూర్చున్నారు. పంతులు అటు రాకుండా మాటల్లో పెట్టి తిప్పి పంపిస్తున్నారు. వాస్తు కోసం గేటును మూడు దిక్కులు తిప్పిన మనిషి. నేను పాయసం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆ రోజే చెప్పాల్సింది. శుభమా అని ఇల్లు చేరిన రోజు ఇవన్నీ ఎందుకనుకున్నాను. మర్నాడు చుట్టాలున్నారు. ఆ తర్వాత ఆయనకు జ్వరం. ఆ తర్వాత నాకు పరీక్షల బ్యాచ్. పెద్దమ్మ ఆ బాత్రూంలో ఓ మూల గిన్నెలో రాళ్లుప్పు పెట్టేది. దోషం అది పీల్చుకుంటుందట. ప్రతి శుక్రవారం పాత ఉప్పు పారబోసి కొత్తది పెట్టేది. ఒక శుక్రవారం మా ఇంట్లో రాళ్లుప్పు ఉందా అని అడిగితే నేనే తెచ్చి ఇచ్చాను. నేను లేవదీసిన అబద్ధానికి వాళ్లు నెలనెలా ఉప్పు కొంటున్నారు. నా ఇంట్లో మాత్రం ఎనిమిది దిక్కులూ శుభ్రంగా ఉన్నాయి. నాకు ఆ ఇంట్లో సరిగా నిద్రపట్టేది కాదు.

రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ మళ్లీ చెప్పిన ఆ వానాకాలంలో, ఒక పొద్దున పెద్దమ్మ ఆ బాత్రూంలోనే జారిపడింది. నేనూ నా భార్యా ఆవిణ్ణి లేపి, ఆటోలో ఎల్బీనగర్‌లో ఒక దవాఖానకు తీసుకెళ్లాం. మణికట్టు విరిగింది. పెద్దగా భయం లేదు, కట్టు కడితే సరిపోతుందన్నారు. నా భార్య ఆవిడతో లోపలికి వెళ్లింది. పెద్దాయనా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు.

"నాకు ఎరుకే ఉండె సార్" అన్నారు. "ఈశాన్యంల నీళ్లగది ఉంటె ఇంటి ఆడమనిషికి తగుల్తదని మా నాయిన చెప్పెటోడు. పోనీ, మీ ఇంట్ల కాకపాయె. మీకు చిన్న పిల్ల ఉన్నది."

అప్పుడు చెప్పాను. ఆయన వైపు చూడకుండా, నేల మీది బండలు చూస్తూ చెప్పాను. వంటిల్లు, వీధిపోటు, బాత్రూం, ఏదీ నాకు నమ్మకం కాదని, నేలన్నాక తడిస్తే ఎవరైనా జారతారని, ఆ దోషాలన్నీ నేను ఫ్లాటు వద్దని చెప్పలేక అల్లుకున్నవని చెప్పాను. ఒక్కసారి మొదలుపెట్టాక అంతా వచ్చేసింది. తెనాలి ఫోన్లు, బీరువా వెనక దాచిన క్యాలెండరు కూడా చెప్పేశాను.

"మరి ఎందుకు వద్దనుకుంటిరి?" అని అడిగారు.

"భయమేసింది అంకుల్. రేపు రాష్ట్రం వస్తే మమ్మల్ని వెళ్లగొడతారేమోనని."

ఆయన కోపగిస్తారనుకున్నాను. కోపం వచ్చినట్టు లేదు. అర్థం కాని లెక్క ముందు కూర్చున్నవాడిలా నన్ను చూశారు.

"ఎవ్వలు ఎల్లగొడ్తరని సార్? నేనా?"

కాదు అనడానికి ఎంతసేపు కావాలి. నాకు అంతకంటే ఎక్కువే పట్టింది. అన్నేళ్లూ నేను భయపడింది ఏదో గుంపును చూసి. టీవీలో కనిపించే గుంపు, ముఖాలు లేని గుంపు. అందులో ఈయన ఉన్నారా లేరా అని నేనెప్పుడూ చూసుకోలేదు. చౌరస్తాలో కండువా వేసుకుని నా విస్తట్లో పులిహోర వడ్డించిన మనిషి ఆ గుంపులోని వారే కదా. ఇప్పుడు ఆయన నోటితో ఆయనే అడిగితే చూసుకోవాల్సి వచ్చింది.

"కాదంకుల్" అని నేను అనేసరికే ఆయన లేచి, ఆ వట్టి కాళ్లతోనే, పెద్దమ్మ ఉన్న గదిలోకి వెళ్లిపోయారు.